మోగని సైరన్‌కి ముద్దుపేరు

అణువిద్యుత్ కేంద్రంలో ఆయన్ను అందరూ వెన్నపూస గారు అనేవాళ్లు. అక్కడ ఏ భద్రతా పరికరం చెడిపోయినా తనిఖీ సంస్థకు నివేదిక రాసి పంపడం ఆయన పని. చెడిపోయింది అని రాస్తే పైవాళ్లకు తలనొప్పి. కాబట్టి ఆయన అలా రాసేవాడు కాదు. పంపు ఆగిపోతే "విశ్రాంతి దశలో ఉంది" అనేవాడు. జనం ఫోన్లకు హెచ్చరిక సందేశాలు వెళ్లకపోతే "దారిలో ఉన్నాయి" అనేవాడు. పరీక్షలో ఊళ్లోని హెచ్చరిక సైరన్లు మూగబోతే "శబ్దం ఆశించిన స్థాయి కంటే తక్కువ" అని రాశాడు. అబద్ధమేమీ కాదు, సున్నా కూడా తక్కువే కదా. ఆ వాక్యం చదివి మేనేజరు స్వయంగా లేచొచ్చి భుజం తట్టాడు. మరమ్మతు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. కాగితం మీద బాగున్నదాన్ని మళ్లీ బాగుచేయడం దండగని కాబోలు.

వానాకాలంలో ఒక పొద్దున శీతలీకరణ గొట్టం పగిలి ఆవిరి ఎగజిమ్మింది. హెచ్చరిక మీట నొక్కారు. సైరన్లు మోగలేదు, జనం ఫోన్లకు సందేశమూ వెళ్లలేదు. గేటు కాపలాదారు తన బావమరిదికి ఫోన్ చేశాడు. బావమరిది మంగలి షాపులో ఉన్నాడు. సగం గీసిన గడ్డంతో వీధిలో పడి అరుచుకుంటూ పరిగెత్తాడు. ఊరికి అందిన హెచ్చరిక అదొక్కటే.

అదృష్టం బాగుండి మధ్యాహ్నానికల్లా గొట్టం మూసేశారు. విషం బయటికి రాలేదు.

సాయంత్రం వెన్నపూస గారు అన్నం ముందు కూర్చున్నాడు. ఆయన భార్య బడిలో టీచరు.

"సైరన్ ఎందుకు మోగలేదు?" అంది.

"మోగలేదని కాదు. శబ్దం ఆశించిన స్థాయిలో..."

"నాకు కబురు చెప్పింది సగం గడ్డం మనిషి. ఆయన స్థాయి బాగానే ఉంది. మీ సైరన్ సంగతి చెప్పండి."

"మోగలేదు."

"పాడైందని ముందే తెలుసా?"

"తెలుసు."

"బడి కిటికీలన్నీ మూసి, భయపడకుండా పిల్లల చేత పాటలు పాడించాను. ఈ పని చేసిన వెధవ ఎవడోనని లోపల తిట్టుకుంటూనే ఉన్నాను. మనింట్లోనే ఉన్నాడన్నమాట."

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు నివేదికలో మూడే ముక్కలు రాశాడు: సైరన్లు మోగలేదు. సందేశాలు వెళ్లలేదు. అవి పాడయ్యాయని మాకు ముందే తెలుసు.

మేనేజరు చదివి మొహం చిట్లించాడు. "ఏంటయ్యా ఇంత పచ్చిగా ఉంది? కాస్త ఉడికించు."

"ఇంకా ఉడికిస్తే అడుగంటుతుంది సార్."

"ఈ 'మాకు' అంటే ఎవరు?"

"మీరూ నేనూ."

"అది తీసెయ్."

"తీసేస్తే సైరన్లకే తెలుసన్నట్టు ఉంటుంది సార్."

వెన్నపూస గారు తన గదికి వెళ్లి దాన్ని ఉన్నదున్నట్టు పంపేశాడు.

తనిఖీవాళ్లు దిగారు. కొత్త సైరన్లు వచ్చాయి. దాపరికం లేని సంస్థ తమదేనని మేనేజరు కెమెరాల ముందు గొంతు గద్గదం చేసుకుని, ఓ జ్ఞాపిక కూడా పుచ్చుకున్నాడు. వెన్నపూస గారిని మాత్రం రబ్బరు చేతితొడుగుల గిడ్డంగికి మార్చారు. చేతులు లేని కుర్చీ ఇచ్చారు.

"ఎలా ఉందక్కడ?" అని అడిగింది భార్య, మొదటి రోజు.

"ఉక్కగా ఉంది. కిటికీ లేదు."

"మరి అడగండి."

అడిగాడు. పరిశీలిస్తున్నామన్నారు. ఇప్పటికీ పరిశీలిస్తూనే ఉన్నారు. ఆయన నెలనెలా అడుగుతూనే ఉన్నాడు.