చెల్లెలి మీద కోపం

వీధిలో అందరూ ఆమెను కర్టెన్లక్క అనేవారు. ముందుగదిలో ఎదురెదురుగా రెండు మిషన్లు వేసుకుని అక్కాచెల్లెళ్లిద్దరూ కర్టెన్లు కుట్టేవారు. అంత పొడుగు గుడ్డ ఒక్కరి చేతికి లొంగదు. ఒకరు కుడుతుంటే రెండోవారు కొస పట్టుకుని కొద్దికొద్దిగా వదలాలి.

అలా పట్టుకునే చేయి పోయిన ఏడాది పోయింది. రొమ్ములో గడ్డ. తెలిసీ చెల్లెలు ఎవరికీ చెప్పలేదు. రోజంతా ఎదురుగా కూర్చుని నవ్విస్తూ, అక్కకు కూడా చెప్పలేదు.

చెల్లెలు చనిపోయిన వారంలోనే ఆమె మొగుడు ఆమె మిషన్‌ను ఎవరికో ఇచ్చేశాడు. "కళ్లెదుట ఉంటే బాధ కదా వదినా" అన్నాడు. కర్టెన్లక్కకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఇక ఆరలేదు. గిన్నెల మీద, గుడ్డ మీద, కోడలి మీద చూపించేది. కుట్టిన అంచే విప్పి మళ్లీ కుట్టేది. "పాపం, దుఃఖంలో ఉంది" అనేవారు చుట్టాలు. ఆ 'పాపం' వింటే అరికాలి మంట నెత్తికెక్కేది.

కోడలు ఆమెను ఒక కౌన్సెలింగ్ సెంటర్‌కు తీసుకెళ్లింది. 'ప్రకృతి ఒడిలో ప్రశాంతత' అని బోర్డు. లోపల ఏసీ గది, గోడంతా అడవి బొమ్మ, స్పీకరులో పిట్టల కూతలు.

"కళ్లు మూసుకోండమ్మా" అన్నాడొకాయన తేనె పూసిన గొంతుతో. "నది ఒడ్డున ఉన్నాననుకోండి. మీ కోపాన్ని ఆకు మీద పెట్టి నీళ్లలో వదిలేయండి."

"వదిలేస్తే ఎటు పోతుంది బాబూ? దిగువన బట్టలుతుక్కునేవాళ్ల నెత్తి మీదికా?"

కోడలు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"ఆ గోడకాగితమైనా సరిగ్గా అంటించలేదు. చెట్టు మొదలొకచోట, కొమ్మలొకచోట" అంటూ ఆమె లేచి వచ్చేసింది.

రెండోచోటికి రానంది.

"ఈ ఒక్కసారికి రండత్తయ్యా. నచ్చకపోతే నన్ను తిట్టండి."

"నిన్నెలాగూ తిడతాను."

ఈసారి గదే లేదు. ఆసుపత్రి వెనక ఖాళీ జాగాలో కూరగాయల మళ్లు ఉన్నాయి. కౌన్సెలింగ్ చేసే ఆవిడ మట్టిచేతులతోనే ఎదురొచ్చింది.

"కూర్చుంటారా, కలుపు తీస్తారా?"

"కూలికి పిలిచారా నన్ను?"

"కొందరికి కూర్చుంటే మాట రాదు. మీ ఇష్టం."

కర్టెన్లక్క మడి పక్కన చతికిలబడి, చేతికందిందల్లా పీకింది. కలుపుతోపాటు వంగ మొక్కలూ వచ్చాయి. ఆవిడ చూసింది, ఆపలేదు.

"ఎవరి మీదమ్మా ఈ కోపం?" అని మాత్రం అడిగింది.

"మా మరిది మీద. డాక్టర్ల మీద. పాపం పాపం అనేవాళ్ల మీద."

ఆవిడ పక్కనే కూర్చుని తనూ ఓ కలుపు మొక్క తీసింది. ఇంకా ఉందని తెలిసినట్టు ఎదురుచూసింది.

"దాని మీద! దొంగమొహంది! నా ఎదురుగా కూర్చుని, గుడ్డ కొస పట్టుకుని, నొప్పి పళ్ల బిగువున దాచింది. నేనేమన్నా పరాయిదాన్నా? ఒక్క మాట చెబితే ఆసుపత్రికి ఈడ్చుకుపోయేదాన్ని కదే!"

చచ్చినవాళ్లను తిట్టకూడదంటారేమోనని ఆమె టక్కున ఆగింది.

"ఆపారేం? ఆమెను మీరు కాకపోతే ఎవరు తిడతారు?" అంది ఆవిడ.

అప్పుడొచ్చింది కర్టెన్లక్కకు ఏడుపు. మట్టిచేతులతోనే ముఖం తుడుచుకుంది.

"మీ మొక్కలు పీకేశాను."

"పీకేశారు. వేళ్లు ఆరకముందే నాటుదాం, పట్టండి. కొన్ని బతకవు."

"అన్నీ బతుకుతాయని చెప్పరా?"

"చెబితే మీరు లేచిపోరూ?"

గేటు దగ్గర కోడలు బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది.

"కోపం తగ్గిందా అత్తయ్యా?"

"తగ్గడానికి అదేమన్నా జ్వరమా? వచ్చే వారం ఎండెక్కకముందే తీసుకురా. ఇంకా సగం కూడా తిట్టలేదు దాన్ని."