ఎగవీధిలో తాగిన మజ్జిగ

మా రేకుల షెడ్డులోకి వాననీళ్లు దిగుతుంటే, నిన్న తిరుపతి బస్టాండు దగ్గర అంగట్లో టార్పాలిన్ పట్ట కొనబోయాను. అంగడాయన మడత విప్పగానే కొత్త పట్ట వాసన గుప్పున కొట్టింది. కొలత ఎంత అని ఆయన రెండుసార్లు అడిగాడట. నాకు వినబడితేగా! మునిరత్నం సారు గుర్తొచ్చి అలాగే నిలబడిపోయాను. సారు పోయి రెండేళ్లయింది. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను.

సారు చిత్తూరులో ఎకనామిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆ తర్వాత తిరుపతిలో ఒక పుస్తకాల అంగడి మిద్దె మీద రెండు గదులు అద్దెకు తీసుకుని ఒక చిత్రమైన పని మొదలుపెట్టారు. కొట్లాటలు జరిగిన ఊళ్లలో సాయం పంచుతారు కదా, అది నిజంగా ఎవరికి అందింది, ఎవరికి అందలేదు, ఈసారి ఇంకా బాగా ఎలా ఇవ్వచ్చు అని జనాన్ని అడిగి రాయడం. కార్వేటినగరం నుంచి డిగ్రీ పట్టుకుని వచ్చిన నన్ను ఆ పనిలో పెట్టుకున్నారు. ఊరోళ్లని పలకరించేదానికి కూడా జీతమిస్తారా అని మా నాయన నవ్వాడు. ఆఫీసులో సారుది ఒకటే నియమం. ఊరికి పోయి వచ్చిన సాయంత్రం, ఆ రోజు మనం చేసిన తప్పొకటి చెబితేగాని కాఫీ గ్లాసు చేతికిచ్చేవారు కాదు. నేను గడుసుదాన్ని. గొడుగు మరిచిపోయాననో, పెన్ను పోగొట్టుకున్నాననో చెప్పి కాఫీ తాగేసేదాన్ని.

ఆ ఊరి పేరు చెప్పను. ఇప్పుడు వాళ్లు బాగానే ఉన్నారు, పాత పుండు రేపడమెందుకు. చెరువు నీళ్ల దగ్గర మాటా మాటా పెరిగి ఎగవీధి వాళ్లూ దిగవీధి వాళ్లూ కొట్టుకున్నారు. రెండు వీధుల్లోనూ బోదగడ్డి కప్పిన కొట్టాలు కాలిపోయాయి. ఒక సంస్థ మొదటి విడత పట్టలు పంచింది. రెండో విడత ఎవరికి ఇవ్వాలన్నది మేము రాసిచ్చే దాన్నిబట్టే. కార్తీక వానలు ముంచుకొస్తున్నాయి, మేము ఏ ఇల్లు రాయకపోతే ఆ ఇంటివాళ్లు వానలో కూర్చోవలసిందే. ఎండన పడి వెళ్లిన నన్ను ఎగవీధి మొదట్లో ఒక పెద్దాయన అరుగు మీద కూర్చోబెట్టి చెంబుడు మజ్జిగ ఇచ్చాడు. తాగాను. తర్వాత దిగవీధికి పోతే ఏ గడపలో అడిగినా ఒకటే మాట, మాకేం కొరత లేదు, అంతా బాగుండాది అని. నాకూ హాయిగానే ఉంది. ‘అవసరం లేదు’ అని రాసుకుంటూ పోయి మధ్యాహ్నం బస్సుకే వచ్చేశాను. ఆ సాయంత్రం కూడా గొడుగు పేరే చెప్పి కాఫీ తాగాను. ఎంత సిగ్గులేనిదాన్నో!

సారు కాగితాలు తిరగేసి అద్దాలు తీసి పక్కన పెట్టారు.

“కొట్టం కాలినోళ్లకి కొరతే లేదా? అట్లాంటి ఊరుంటే మనం కూడా పొయ్యి ఆడే ఉండిపోదాం పదమ్మా,” అన్నారు.

తర్వాత నెమ్మదిగా, ఆ ఊళ్లో మొదట ఎవరింట్లో నీళ్లు తాగావని అడిగారు. చెప్పాను. కొట్లాట పడిన ఊళ్లో ఎవరింటి నీళ్లు తాగితే వాళ్ల మనిషి కిందే లెక్క. పల్లెలో పుట్టిన నాకు ఆ సంగతి తెలియక కాదు, చల్లటి మజ్జిగ కనబడేసరికి నా తెలివి తెల్లారింది. పోనీ ‘అవసరం ఉంది’ అని మనమే దిద్దేద్దాం సార్ అన్నాను. ఆయనకు కోపం రావడం ఆ ఒక్కసారే చూశాను. వాళ్లు చెప్పని మాట వాళ్ల నోట్లో పెట్టడానికి మనమెవరమని కసిరారు.

మర్నాడు మొదటి బస్సుకే ఇద్దరం పోయాం. సారు దిగవీధి మధ్యలో నిలబడి, ప్రశ్న ఒక్కటీ అడక్కుండా, నిన్న మా అమ్మాయి ఎగవీధిలో మజ్జిగ తాగి మీ దగ్గరికి వచ్చింది, తప్పు మాదే అని అందరికీ వినబడేట్టు చెప్పారు. నాకు తల కొట్టేసినట్టయింది. కాలిన గోడకు ఆనుకుని కూర్చున్న మంగమ్మ అనే ముసలామె నోరు తెరిచింది.

“పేర్లు రాసుకోని పోతాండారు. ఆ కాగితం ఎవురి చేతికి పోతాదో మాకేం తెలుసు సామీ? మేము నోరిప్పినామని ఎగవీధికి తెలిస్తే మళ్లీ అగ్గి పెడతారు. దానికన్నా వానలో తడిసేదే మేలు.”

అసలు సంగతి అప్పుడు బయటపడింది. మొదటి విడత పట్టలు పంచింది కూడా ఆ పెద్దాయన అరుగు ముందరే. దిగవీధి నుంచి ఒక్క మనిషీ అక్కడికి పోలేదు. సంస్థ కాగితాల్లో మాత్రం ఊరంతటికీ పంచినట్టే ఉంది. సారు నా చేతిలోని కాగితాలు తీసుకుని, పేర్లున్న అంచు మడిచి చించి, ఆ ముక్కలు మంగమ్మ చేతిలోనే పెట్టారు. పేర్లు వద్దు, గడపకొక నంబరు చాలు, రాసింది రాసినట్టు చదివి వినిపిస్తాం, పట్టలు మీ వీధి బడి దగ్గరే ఇమ్మని రాస్తాం అన్నారు. సాయంత్రానికి ప్రతి గడపా మాట్లాడింది. పట్టతోపాటు వెదుర్లు కూడా కావాలని చెప్పింది మంగమ్మే. ఉత్త పట్ట ఇస్తే దాన్ని ఆకాశానికి కట్టాల్నా అని మమ్మల్నే ఎగతాళి చేసింది. చదువుకున్న మాకెవరికీ ఆ ఆలోచన రాలేదు.

పట్టలూ వెదుర్లూ దిగవీధి బడి దగ్గరికే వచ్చాయి. కానీ అవి వచ్చే ముందురోజు ఒక వాన దంచేసింది. నేను పాడుచేసిన ఆ ఒక్క రోజు లేకపోతే మంగమ్మ ఆ వానకు తడిసేది కాదు. ఈ మాట నాతో ఎవరూ అనలేదు, సారు అసలే అనలేదు.

రిపోర్టు మొదటి పేజీలోనే ఆయన ఆ తప్పు రాశారు. ఇది చదివితే ఆ సంస్థ ఇక పనివ్వదేమోనని నాకు ఒకటే దడ. కానీ అందులో నా పేరు వెతికితే ఎక్కడా లేదు. తప్పు నాది అని తన పేరే రాసుకున్నారు. మజ్జిగ తాగింది నేను కదా సార్ అన్నాను.

“నీకు చెప్పకుండా పంపించినోడు ఎవురు? నేనే కదా. నీ తప్పుకన్నా నాది ముందు పుట్టిందమ్మా,” అన్నారు.

ఇప్పుడు నేనూ అదే పని చేస్తున్నాను, నా కింద కొందరు పనిచేస్తున్నారు. సారుకు నేను పడిన రుణం ఈ జన్మకు తీరేది కాదు. ఎవరైనా తప్పు చేసి తలొంచుకుని నా ముందు నిలబడితే తిట్టు నాలుక చివరిదాకా వస్తుంది, నా నోరు అసలే మంచిది కాదు. దాన్ని మింగేసి, వీళ్లకు నేనేం చెప్పకుండా పంపించానని ముందు వెతుక్కుంటాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఏమీ దొరక్కుండా పోలేదు.