వైవాలో ఎగిరిన లడ్డూ

తిరుపతిలో ఎం.టెక్. చివరి ఏడాది చదువుతున్న రోజులు. సన్నటి నాజిల్ గుండా ధ్వనికంటే వేగంగా గాలిని వదిలి, అందులో పుట్టే షాక్ తరంగాలను తెర మీద చూపించడం నా ప్రాజెక్టు. వైవాకు వచ్చిన ఎగ్జామినర్ గారు నేరుగా కొండ దిగి వచ్చారు. కొత్త గుండు, దాని నిండా తడి ఆరని గంధం. చేతిలోని లడ్డూ కవరును నాజిల్‌కు ఎదురుగా ఉన్న బల్ల మీద పెట్టి, పక్కనే నిలబడ్డారు.

కంగారులో నేనది గమనించకుండా వాల్వు తిప్పేశాను. ల్యాబు దద్దరిల్లింది. కవరు చిరిగి లడ్డూ పొడిపొడిగా గాలిలోకి లేచింది. వాల్వు కట్టేసి చూస్తే, ఆయన గుండంతా గంధానికి అతుక్కున్న బూందీ! నడినెత్తిన ఒక జీడిపప్పు.

నా డిగ్రీ అంతటితో సరి అనుకున్నాను. ల్యాబ్ అటెండరు మునిరత్నం పరుగున వచ్చి, "కదలద్దండి సార్, ప్రసాదం కింద పడతాది. నేను ఏరేస్తా" అన్నాడు.

ఆయన నిజంగానే కదలలేదు. అలాగే నావైపు చూసి, "షాక్ తరంగం ఎందుకు పుడతాదో చెప్పమ్మా" అన్నారు.

"ఏదైనా చప్పుడుకంటే వేగంగా వచ్చి పడితే, ఎదురున్న గాలికి ముందుగా కబురు అందదు సార్. తప్పుకునే టైముండదు. ఒక్కసారిగా నలిగిపోతాది, ఇప్పుడు మీకైనట్టే" అనేసి నాలుక కరుచుకున్నాను.

మునిరత్నం నవ్వాపుకోలేక బయటికి పరుగెత్తాడు. ఎగ్జామినర్ గారు జీడిపప్పు తీసి, కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నారు. "నేను కూడా ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదమ్మా" అని మంచి మార్కులే వేశారు.

ఇప్పుడు నేనూ ఎగ్జామినర్‌గా వైవాలకు వెళ్తున్నాను. వణుకుతూ వచ్చిన పిల్లలతో, మొదటి ప్రశ్న అడిగేముందు కాసేపు నవ్వుతూ మాట్లాడతాను. సగంమందికి భయం పోవడానికి అదే చాలు.