మా అత్త పీకించిన తుప్పలు

మా అత్త అచ్చియమ్మ నోటికి నర్సీపట్నం సంతంతా దడిసేది. నాతవరం వైపు కాలువ నీళ్ళు పారుతున్నా మా మెట్టకు వానే దిక్కు. మెట్ట దిగువన మా నుయ్యి, దాని పక్కన వంగతోట. ఆ నుయ్యి ఉంటేనే మాకు బువ్వ. ఎగువ వాలు అత్తకు మరిది జోగులుది. అక్కడ తంగేడు, బలుసు తుప్పలు మనిషెత్తు ఉండేవి.

వేసవిలో నూతిలో నీరు కాస్త దిగితే చాలు, అత్త వాలుకేసి చూసి తిట్లు లంకించుకునేది.

"నీ తుప్పలే నా నూతి నీల్లు తాగేత్తన్నాయి. కొట్టించీ జోగులూ."

"కొట్టించను వొదినా. నీకు సేతనైంది సేసుకో."

డెబ్బై ఏడో సంవత్సరం వైశాఖంలో జోగులు కృష్ణదేవిపేట పెళ్ళికి వెళ్ళిన రోజున, అత్త కూలీలను పెట్టి తుప్పలను వేళ్ళతో సహా పెళ్ళగించింది. గడ్డి చెక్కించింది. రాలిన ఆకు కూడా ఊడ్పించి మా పొయ్యి కిందకి మోయించింది. మోసింది కోడలినైన నేనే.

మొదటి వానకు వాలు మీంచి ఎర్రనీళ్ళు దూకి నుయ్యి నిండింది. "సూసావేటే" అని అత్త మురిసిపోయింది. నాకు కనిపించింది బురద.

తుప్పలున్నప్పుడు వాన ఆకుల మీద ఆగి, వేళ్ళ సందుల్లోంచి మెల్లగా లోపలికి ఇంకేది. ఇప్పుడు చినుకు దెబ్బకు ఎర్రమట్టి పైన అట్టకట్టి గునపం దిగనంత గట్టిపడింది. ఆ ఏడాది వానంతా దిగువనున్న గెడ్డవాగులోకి జారిపోయింది. మాఘానికే చేదకు బురద తగిలింది. వంగతోట మాడిపోయింది.

అత్త జోగులు గుమ్మంలోకి వెళ్ళి, తుప్పలు మళ్ళీ పెరగనిమ్మంది. ఆయన మంచం మీంచి లేవనైనా లేవలేదు.

"పీకినప్పుడు నన్నడిగినావేటి?" అన్నాడు. మర్నాడే ఆ వాలు మీదకి మేకలను తోలాడు.

ఇక అత్త కర్ర పట్టుకుని, ఆయన నేలలోంచి ఆయన మేకలనే తరిమేది. రోజూ తిట్టుకు తిట్టు, రాయికి రాయి. నేను రోడ్డు మీది బోరింగు నుంచి బిందెలు మోసేదాన్ని. మెడ నరాలు పట్టేసేవి. ఆవిడ ఒక్కనాడూ బిందె అందుకోలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

జోగులు మేకలు అమ్ముకున్నాక తుప్పలు లేచాయి. ఎనభై ఆరు వేసవిలో నూతిలో నీళ్ళు నిలిచాయి. అత్త చేద నా ముందు పడేసింది.

"తోడుకో. ఇంక బోరింగుకెల్లక్కర్లేదు" అంది, నాకేదో వరమిచ్చినట్టు.

'నా వల్లే నీకీ మోత' అని ఆవిడ ఒక్క మాట అనుంటే తోడేదాన్ని. ఖాళీ బిందె చంకనెత్తుకుని ఆవిడ ముందు నుంచే బోరింగుకి వెళ్ళాను. ఆవిడ బతికున్నంత కాలం ఆ నూతిలో నేను చేద వెయ్యలేదు.