కుళాయి ఉన్నాదా?

మా ఆఫీసులో ఊళ్లకు రంగులుంటాయి. సుస్థిర అభివృద్ధి సూచికలని పెద్ద పేరు. పని మాత్రం ఫోనులో అవునో కాదో నొక్కడమే. అవునులు ఎక్కువైతే ఊరు పచ్చ, కాదులు ఎక్కువైతే ఎరుపు. ఎరుపులో ఉన్న ఊరి పంచాయతీ కార్యదర్శిని సోమవారం మీటింగులో అందరి ముందూ నిలబెడతారు. రెండు వారాలు నిలబడ్డాను. మూడోసారి నిలబడే ఓపిక నాకు లేకపోయింది.

అందుకే భావనపాడు అవతల సముద్రం ఒడ్డున నేను కార్యదర్శిగా చేస్తున్న ఊరికి వెళ్లి, ఇల్లిల్లూ తిరగకుండా డ్వాక్రా సంఘం లీడరు అరుగు మీద కూర్చున్నాను. ఎండుచేపలు అమ్ముకునే మనిషి, ఊళ్లో ప్రతి గడపా ఆమెకు తెలుసు. ఒక్కో ఇంటి పేరూ చదివి కుళాయి ఉందా అని అడిగాను. "ఉన్నాది" అంది. పక్కింటికీ ఉన్నాది. ఎదురింటికీ ఉన్నాది. భోజనాల వేళకి ఊరంతా పచ్చబడింది. సోమవారం నాకు చప్పట్లు కొట్టారు. నిజం చెప్పాలంటే, సంతోషించాను.

ఆ పచ్చ చూసి పై ఆఫీసు, అంతవరకూ ఊరికి వస్తున్న నీళ్ల ట్యాంకరు ఆపేసింది. కుళాయిలు బిగించారు గానీ వాటిలో ఏనాడూ చుక్క రాలేదు. ఆ సంగతి నాకూ తెలుసు. ఫోను అడిగింది కుళాయి గురించి, ఆమె చెప్పిందీ కుళాయి గురించే. ఇప్పుడు ఆడవాళ్లు సరుగుడు తోట దాటి బోరింగు దాకా నడిచి బిందెలు మోస్తున్నారు.

ఆ ఎంట్రీ మార్చమని అడగబోతే మా పై అధికారి తల కూడా ఎత్తలేదు. పచ్చ మళ్లీ ఎర్రబడితే జిల్లా ర్యాంకు పడిపోతుందట. తప్పుడు ఎంట్రీ వేశానని రాసిస్తే అప్పుడు చూద్దామన్నారు. నా ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా ఒక్క అక్షరం రాయలేదు.

ట్యాంకరు గురించి ఏదో ఒకటి చెప్పాలి కదా అని మళ్లీ ఊళ్లోకి వెళ్లాను. ఎండన పడి వచ్చానని ఆ లీడరమ్మ ముందుగా చెంబుతో నీళ్లు తెచ్చింది. అవి ఎంత దూరం నుంచి వచ్చాయో తెలిసి వద్దన్నాను. ఆమె వినలేదు. నేను నోరు తెరిచేలోగా తనే అంది.

"నీ తప్పేటున్నాది బాబూ. ఉన్నాది, ఉన్నాది అని సెప్పింది నేనే గదా. వీధిలో ఎవులూ నాతో మాటాడతం నేదు."

కాదమ్మా, తప్పు నాది అంటే సరిపోయేది. చెంబెడు నీళ్లూ తాగి, బండెక్కి వచ్చేశాను.