చదవకుండా వదిలేసిన పేరా

మొన్న మా అపార్టుమెంటులో నీళ్ల తొట్టి కడిగి బ్లీచింగ్ పౌడరు చల్లారు. అందరూ ముక్కు మూసుకున్నారు.  ఆ వాసన తగిలితే చాలు, నేను మాత్రం గార్లదిన్నె దగ్గరి ఒక పల్లెలో, ఓబుళమ్మక్క ముందు తలవంచుకుని నిలబడిపోతాను.

ఓబుళమ్మక్క ఆ పల్లెకు ప్రభుత్వ నర్సు. రెండువేల తొలి సంవత్సరాలవి. డిగ్రీ చదివి ఎందుకూ కొరగాకుండా ఉన్న నన్ను ఆమె ఒక పనికి పెట్టుకుంది. వారానికోసారి అనంతపురం పోయి, ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని, వేరే ఊళ్ల జనం రోగాలను కలిసికట్టుగా ఎలా ఎదుర్కొన్నారో వెతికి, ప్రింటు తీసి, బడి అరుగు మీద తెలుగులో చదివి వినిపించాలి. వినేవాళ్లు తక్కువ, మెచ్చుకునేవాళ్లు ఇంకా తక్కువ. అందుకని కాస్త రుచిగా చెప్పడం అలవాటు చేసుకున్నాను.

ఆ ఏడు వానలు లేవు. బావులు దాదాపు ఎండిపోయి, ఊరంతటికీ ఒక్క చేతి బోరింగు మిగిలింది. అప్పుడే వాంతులు, భేదులు మొదలయ్యాయి. అక్క ఆసుపత్రికి కబురు పంపింది. జీపు వస్తుందన్నారు, ఎప్పుడన్నది చెప్పలేదు. ఊళ్లో మారెక్క అనే ఆమె ఐదేళ్ల కూతురికి రెండో రోజుకే కళ్లు లోపలికి పోయాయి. ఏడవడం కూడా మానేసింది. పిల్ల ఏడవకపోతే అంత భయమేస్తుందని నాకు అంతవరకు తెలియదు.

ఆ సాయంత్రం నేనొక కథ తెచ్చాను. వెనకటికి ఏదో పరదేశపు పట్నంలో కలరా వస్తే, ఒక డాక్టరు వీధి పంపు పిడి తీయించాడట, రోగం ఆగిపోయిందట. జనం ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా విన్నారు.

“అంతేనా? ఇంకేమన్నా రాసిండారా?” అంది అక్క.

“అంతే అక్కా.”

తెల్లారగానే ఆమె బోరింగు పిడి ఊడదీయించింది. ఆడవాళ్లు బిందెలెత్తుకుని మైలు దూరంలోని తోట బావికి నడిచారు. అందులో అడుగున కాసిన్ని నీళ్లున్నాయి. అవి ఎలాంటివో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నానికి మరో ఇద్దరు జబ్బున పడ్డారు. బోరింగు చప్పుడు లేని ఊళ్లో ఆ కాగితం తీసి మళ్లీ చదివాను. ఇక ఉండలేక అక్క దగ్గరికి పోయి చెప్పేశాను.

“అక్కా, కింద ఇంకొక పేరా ఉండాది. పిడి తీసేటప్పటికే శానామంది ఊరిడిసి పోయినారంట. రోగం అప్పటికే తగ్గుతాండెనంట. పిడి వల్లనే ఆగిందని గట్టిగా చెప్పలేమంట.”

“మరి ఎందుకు చదవలే?”

“కథ చప్పబడతాదని.”

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. “మారెక్క బిడ్డకు ఉప్పు చక్కెర నీళ్లు తాపి వస్తా. నువ్వు జనాన్ని పిలుచు,” అని వెళ్లిపోయింది.

ఊరంతా అరుగు ముందు చేరాక అక్క ఆ ఇనుప పిడిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని, నన్ను ఆ పేరా చదవమంది.  చేతిలోని కాగితం గలగలలాడుతుండగానే చివరిదాకా చదివాను.

“ఇంత వణికేటోడివి, నిన్న అంత ధైర్యంగా ఎట్ల చదివితివప్పా?” అని ముందు కూర్చున్న ముసలామె నారమ్మవ్వ అడిగింది. 

“ఉన్న ఒక్క బోరింగు నోరు మూస్తిరి. ఇప్పుడు మళ్లీ బిగిస్తారా, లేదా?” అని ఒక రైతు లేచాడు.

“తెల్దన్నా,” అంది అక్క. “ఈ నీళ్లు చెడ్డవో, ఆ నీళ్లు చెడ్డవో నాకూ తెల్దు. తెలిసేదాకా ఏ నీళ్లయినా కాంచి తాగాల. కట్టెలు లేనోళ్లు మా యింటికి రాండి. తప్పు ఈ పిల్లోనిదొక్కటే కాదు. ఒకని నోటిమాట నమ్మి పిడి తీయించింది నేను.”

తెలియదని నలుగురిలో ఒప్పుకున్న ఉద్యోగిని నేను చూడటం అదే మొదలు. ఆ సాయంత్రమే ఆమె ఇంటి ముందు మూడు పొయ్యిలు వెలిగాయి. మర్నాడు మారెక్క కూతురు అన్నం కోసం వీధి అదిరేలా ఏడ్చింది. జీపు కూడా వచ్చింది. బోరులో బ్లీచింగ్ కలిపి, వారం తర్వాత పిడి బిగించారు. రోగం ఎందువల్ల తగ్గిందో నాకిప్పటికీ తెలియదు. అడిగినవాళ్లకు అదే చెబుతాను. వినేవాళ్ల ముఖాలు వాడిపోతాయి.

ఇప్పటికీ నలుగురికి ఏదైనా చదివి వినిపించే ముందు, అందులో ఏ పేరా దాటేయాలనిపిస్తోందో వెతుక్కుంటాను.  ముందు దాన్నే చదువుతాను.