కర్రను నడుమ కొలిచిన రజియా టీచర్

మొన్న బేగంబజార్‌లో స్టీలు డబ్బాలు కొనుక్కుని బయటికి వస్తుంటే ఒక హమాలీ భుజం మీది వెదురు గడ జారి బండల మీద పడింది. బాగా ఎండిన వెదురు. ఖణేలుమని మోగి, కాస్త ఎగిరి, దొర్లి ఆగింది. "జర పక్కకు జరుగమ్మా, తొవ్వల నిలబడితే ఎట్ల?" అని అతను విసుక్కుంటున్నా నా కాళ్ళు కదల్లేదు. బడిలో హైజంప్ కర్ర పడినప్పుడల్లా నేను విన్న చప్పుడే అది. ఆ చప్పుడు వెంటే "మళ్ల దునుకు బేటా" అనే గొంతు వినిపించేది. ఆ గొంతు మా డ్రిల్ టీచర్ రజియాది.

సంతోష్‌నగర్‌లో మా ఆడపిల్లల బడి. రజియా టీచర్ తెల్ల సల్వార్ కమీజు, కాన్వాసు బూట్లు వేసుకుని, మెడలో విజిల్‌తో తిరిగేది. మన ఆడపిల్లలు ఆటల కోసం దేశం దాటడం చాలా అరుదైన రోజుల్లో ఆమె హైజంప్ పోటీకి విదేశం వెళ్ళి వచ్చింది. అక్కడ ఏమైందని అడిగితే మాత్రం, "తిండి మస్తు చప్పగుండె" అని నవ్వి తప్పించుకునేది. ఆమె మాకు నేర్పింది కత్తెర దూకుడు. పక్కనుంచి పరుగెత్తుకొచ్చి, ఒక కాలు కర్ర దాటించి, రెండో కాలు దాని వెనకే విసిరి, ఇసుకలో నిలువుగా దిగాలి. పరుపుల మీద వెల్లకిలా పడే వైభోగం మాకు లేదు. ఇసుక గుంటలో వెల్లకిలా పడితే నేరుగా ఆసుపత్రికే.

రెండు గుంజలకు మేకులు కొట్టి, వాటి మీద వెదురు కర్ర పెట్టేవాళ్ళం. పొడుగాటి కర్ర కదా, నడుమ కొంచెం కిందికి వంగేది. మేము దూకేదీ సరిగ్గా అక్కడే. అన్ని బడుల్లో గుంజ దగ్గర టేపు పట్టి ఎత్తు చూసుకుంటే, టీచర్ మాత్రం మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ కర్ర నడుమ దగ్గర నేల మీద కూర్చుని కొలిచేది. వంగినంత మేర మేకులు పైకి జరిపించేది. ఆమె చాదస్తం మాకు రోజూ ఒక వినోదం.

తొమ్మిదో తరగతిలో రాష్ట్ర జట్టుకు ఎంపికలు జరిగాయి. నిర్ణయించిన ఎత్తు దాటితేనే జట్టులో చోటు. బడిలో నేను ఒక్కసారి కూడా దాటని ఎత్తు అది. ఆ రోజు దాటేశాను! ఒళ్ళు తెలియని సంతోషంతో ఇసుకలోనే గెంతాను. నా పేరు రాసుకోబోతున్న అధికారి దగ్గరికి టీచర్ టేపు పట్టుకుని వచ్చింది.

"సార్, జర నడుమ కొలువుండ్రి."

ఆయన నమ్మలేనట్టు చూశాడు. "మీ పిల్లనే కద మేడమ్? గెలిచినదాన్ని మీరే ఓడగొడ్తరా?"

"మా పిల్లనే సార్. గందుకే కొలువుమంటున్న."

కొలిచారు. వేలెడు తక్కువ వచ్చింది. కర్ర పైకి జరిపి అందరికీ మళ్ళీ అవకాశాలు ఇచ్చారు. నా కాళ్ళలో అప్పటికే పస లేదు. ప్రతిసారీ కర్ర నాతోపాటే కింద పడింది. జట్టు నేను లేకుండానే వెళ్ళింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆ రోజైతే నెత్తికెక్కింది. తిరిగి వచ్చేటప్పుడు నయాపూల్ దగ్గర బస్సు కిక్కిరిసిన ట్రాఫిక్‌లో ఆగిపోయింది. పక్కనే కూర్చున్న టీచర్‌తో అందరూ వినేలా అన్నాను. "సప్పుడు చెయ్యకుంటే ఏం పోయేది టీచర్? అందరు దునికింది ఆ కర్ర మీదికెల్లే కద!"

ఆమె నా వైపు తిరిగింది. మెల్లగా చెప్పింది.

"నన్ను గూడ గిట్లనే పంపిన్రు బేటా. ఈడ వంగిన కర్ర దునికిన. అందరు సప్పట్లు కొట్టిన్రు, పూలదండలేసిన్రు. ఆడికి వొయ్యి చూస్తే కర్ర జర గూడ వంగలె. అదే ఎత్తు అన్నరు, నాతోని కాలె. మొదటి ఎత్తుకే ఆట ఒడిసింది. ఎందుకు ఓడిన్నో నాకే సమజ్ కాలె. గా దేశంల నా మాట తెలిసిన మనిషి లేడు. బాత్రూంల తలుపేసుకొని ఏడ్చిన." నా తల మీద చెయ్యి వేసింది. "నువ్వు ఈడనే ఏడ్వు. ఎంతసేపైనా ఏడ్వు, ఫికర్ లేదు. ఈడ నేనున్న."

ఏడ్చాను. బస్సు దిగేదాకా ఏడ్చాను. ఆమె ఊరుకోమనలేదు, చెయ్యి తీయలేదు.

మరుసటి ఏడు అదే ఎత్తు దాటి జట్టులోకి వెళ్ళాను. పతకమేమీ రాలేదు గానీ, పరాయి ఊళ్ళో నా ఎత్తు నాకు దక్కింది. టీచర్ పోయి చాలా ఏళ్ళయింది. ఆమె మీద నాకున్న ప్రేమ ఆమెకు ఎన్నడూ నోరు తెరిచి చెప్పలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇప్పుడు నేనూ డ్రిల్ టీచర్‌నే. కర్ర ఎత్తు సరిచేసినప్పుడు ఏ పిల్లో ఒకతి ఓడిపోయి, నన్ను శత్రువులా చూసి, ముఖం తిప్పుకుని ఏడుస్తుంది. నిజం చెప్పడం నాకు తొందరగానే అలవాటైంది. చెప్పాక అక్కణ్ణుంచి వెళ్ళిపోకుండా ఉండడం నేర్చుకోవడానికే చాలా కాలం పట్టింది. ఇప్పుడు విజిల్ జేబులో వేసుకుని, ఆ పిల్ల పక్కన ఇసుకలో కూర్చుంటాను. ఏడుపు అయిపోయేదాకా కూర్చుంటాను.